పాలనాశాస్త్ర పట్టా చేతికొచ్చాక: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ప్రభుత్వ పాలనాశాస్త్రంలో డిగ్రీ పూర్తయిందనీ, ఇకముందు ఏ ఉద్యోగాలకు ప్రయత్నించాలో పాలుపోవడం లేదనీ నీవు రాసిన ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. వైద్యం చదివినవాడు వైద్యుడవుతాడు, న్యాయశాస్త్రం చదివినవాడు న్యాయవాది అవుతాడు. మన పట్టా మాత్రం ఏ ఉద్యోగం పేరూ చెప్పదు. నీ దిగులంతా అక్కడే ఉందని నాకు తెలుసు, ఎందుకంటే నీ వయసులో నేనూ అదే దిగులు పడ్డాను.

ముందుగా పోటీ పరీక్షల సంగతి. సిఫారసులను పక్కనపెట్టి, పరీక్షలో చూపిన ప్రతిభను బట్టి ఉద్యోగులను ఎంచుకోవాలని బ్రిటన్‌లో 1854 నాటి నార్త్‌కోట్-ట్రెవెలియన్ నివేదిక సూచించింది. అమెరికాలో 1883 నాటి పెండిల్టన్ చట్టం ఆ పద్ధతికి దారి వేసింది. అది గొప్ప మార్పే. కానీ ఆ తలుపు చాలాచోట్ల ఏ విషయం చదివినవారికైనా తెరిచే ఉంటుంది కనుక, మన పట్టా ఉన్నంత మాత్రాన అక్కడ నీకు ముందు వరుస దొరకదు. రాయి, తప్పక రాయి. అయితే ఎన్ని ప్రయత్నాలు చేస్తావో ఇప్పుడే నిర్ణయించుకో, ఆ కాలంలో కూడా ఏదో ఒక పనిలో ఉండు. పరీక్షల చుట్టూనే తిరిగి, ముప్పై దాటాక చూపించడానికి ఒక్క ఏడాది అనుభవం కూడా లేక నలిగిపోయిన తెలివైన పిల్లలను నేను ఎందరినో చూశాను.

ఇక అసలు విషయం. అమెరికా పాలనాశాస్త్రవేత్త లూథర్ గులిక్ 1937లో చెప్పిన, పాలనలోని ఏడు పనుల ఆంగ్ల పేర్ల తొలి అక్షరాలతో కూర్చిన 'పోస్డ్‌కార్బ్' సూత్రాన్ని నీవు పరీక్ష కోసం కంఠస్థం చేసే ఉంటావు. అందులోని ఏడు పనుల్లో ప్రణాళిక, నిర్దేశం, సమన్వయం వంటివి కొత్తగా చేరినవాడి చేతికి ఎవరూ ఇవ్వరు. చివర ఉన్న రెండూ, అంటే నివేదికలు రాయడం, బడ్జెట్ చూడటం, మొదటి రోజునుంచే ఇస్తారు. నీకు అన్నం పెట్టేవి ఆ రెండే. స్థానిక సంస్థలు, ఆడిట్ కార్యాలయాలు, నియంత్రణ సంస్థలు, ప్రభుత్వ ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాల పాలనా విభాగాలు, నిధుల లెక్క దాతలకు అప్పజెప్పవలసిన స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వాలకు సలహాలిచ్చే కన్సల్టెన్సీలు, వీటన్నింటిలోనూ ఈ రెండు పనులు తెలిసినవారి అవసరం ఉంటుంది. కొనుగోళ్ల విభాగాన్ని మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. చదువుకున్న పిల్లలు దానిని గుమాస్తా పని అనుకుని దూరం జరుగుతారు కానీ, ప్రజల డబ్బు ఎలా ఖర్చవుతుందో అక్కడ తెలిసినంతగా మరెక్కడా తెలియదు.

ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది, ఒక పట్టణానికి నీటి పంపులు కొనే ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. టెండర్లలో అందరికంటే తక్కువ ధర వేసిన కంపెనీకి ఆర్డరు ఇవ్వవచ్చని అర పేజీ నోటు రాసి పైకి పంపాను. విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో, ఏటా కరెంటుకూ మరమ్మతులకూ ఎంతవుతుందో నేను అడగలేదు. రెండో వేసవికల్లా మూడు పంపులు ఆగిపోయాయి. ట్యాంకరు కోసం బిందెలు వరుసగా పెట్టుకుని ఎండలో నిలబడ్డవారి దగ్గరికి మా పై అధికారి నన్ను తీసుకువెళ్లారు. దారిలో ఒక్క మాటా అనలేదు. తిరిగి వచ్చాక నా పాత నోటు తెప్పించి, దాని మార్జిన్‌లో ఎర్ర సిరాతో "పదేళ్లకు ఎంత?" అని మాత్రం రాసి నా ముందుంచారు. ఆ తర్వాత ఏ ఫైలు మీద సంతకం పెట్టినా ముందు ఆ ప్రశ్నకు జవాబు వెతికాను.

అంతర్జాతీయ సంస్థల గురించి కూడా అడిగావు. ఐక్యరాజ్యసమితి యువ వృత్తినిపుణుల కార్యక్రమానికి వయసు 32 దాటకూడదు, ఆ ఏడాది జాబితాలో నీ దేశమూ, నీ విషయమూ ఉండాలి. కాబట్టి దాని మీద కన్ను వేసి ఉంచు, దానినే నమ్ముకుని కూర్చోకు. పై చదువు రెండు మూడేళ్లు పనిచేశాక చేస్తేనే నీకు పట్టుబడుతుందని నా అభిప్రాయం.

ఈ నెలలో నీవు చేయవలసిన పని ఒకటుంది. నీవుండే చోటి స్థానిక సంస్థ బడ్జెట్ పత్రం సంపాదించు. ఒకే ఒక్క పద్దు, వీధి దీపాలో చెత్త సేకరణో, తీసుకుని మూడేళ్ల అంచనాలను అసలు ఖర్చుతో పక్కపక్కన స్ప్రెడ్‌షీట్‌లో వేయి. తేడా ఎక్కడ వచ్చిందో, ఎందుకు వచ్చి ఉంటుందో, ఏం చేయాలో రెండు పేజీలకు మించకుండా నోటుగా రాయి. ఇంటర్వ్యూలో మార్కుల జాబితాతో పాటు దానిని బల్ల మీద పెట్టగలిగితే, అడిగే ప్రశ్నలు నీకు తెలిసిన దారిలోకి వస్తాయి. మొదటి ప్రతిని నాకు పంపు. దిద్ది, మార్జిన్‌లో నా ప్రశ్నలు రాసి వారంలోగా తిరిగి పంపిస్తాను.

ఇట్లు,
మీ మామయ్య