లైటుకు లొంగని పసుపు

ప్రశ్న: బాబుకు 26 రోజులు, నెలలు నిండి పుట్టాడు. నాలుగో రోజు పాలు మానేసి, ఒళ్లు చల్లబడితే కడపలో చేర్చాం. రక్తంలో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ అన్నారు. ఇంటికొచ్చాక పాలు బాగానే తాగుతున్నాడు, కళ్లలో పసుపు మాత్రం పోలేదు. డిశ్చార్జి కాగితంలో ఈ పసుపుకు కారణమైన బిలిరుబిన్ మొత్తం 6, అందులో డైరెక్ట్ రకం 4 అని ఉంది. లివర్ చెడిపోయిందేమోనని ఒకటే టెన్షన్. మా అత్త రోజూ ఎండలో పడుకోబెడుతోంది, పసరు పోయిద్దామంటోంది.
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: పసరు మాత్రం వద్దమ్మా. పసరు తాగించి, పొట్ట మీద చురకలు పెట్టించి కర్నూలుకు నా దగ్గరికి తెచ్చిన బిడ్డలను చూశాను. ఉన్న జబ్బుకు ఇంకొకటి తోడైందంతే. ఇక ఎండంటారా, మీ బాబు పసుపుకు ఎండా పనిచేయదు, నీలం లైటూ పనిచేయదు. లైటుకు తగ్గేది లివర్ ఇంకా మార్చని ఇన్‌డైరెక్ట్ రకం బిలిరుబిన్. ప్రొద్దుటూరు ఎండకు బిడ్డ ఒంట్లో నీళ్లు పోతాయి, అంతే.

మీవాడికి పెరిగింది డైరెక్ట్ రకం. బిలిరుబిన్‌ను మార్చే పని లివర్ చేసింది, బయటికి పంపలేకపోతోంది. రక్తంలో ఇన్ఫెక్షన్ తీవ్రంగా ఉన్నప్పుడు బ్యాక్టీరియా విషాల వల్ల లివర్ కణాలు పైత్యరసాన్ని నాళాల్లోకి వదలడం తగ్గిస్తాయి. పాలు ఆపి నరంలోకి పోషకాలు ఎక్కించి ఉంటే అదీ ఒక కారణమే. ఇన్ఫెక్షన్ పోయి పాలు తాగుతున్న బిడ్డల్లో చాలామందికి ఇది కొన్ని వారాల్లో దిగిపోతుంది.

అయినా "ఇన్ఫెక్షన్ వల్లేలే" అని ఊరుకోవడం నాకు నచ్చదు. పైత్యనాళాలు మూసుకుపోయే జబ్బూ ఈ వయసులో ఇలాగే కనబడుతుంది, బిడ్డేమో హుషారుగానే ఉంటాడు. దానికి ఆపరేషన్ 60 రోజుల లోపు జరిగితే ఫలితం బాగుంటుంది. కాబట్టి ముఖం కాదు, దొడ్డికెళ్లిన గుడ్డ చూడండి. ముగ్గుపిండిలా పాలిపోయి ఉంటే ఆ రోజే డాక్టరుకు చూపించండి. ఫోటో తీస్తే పగటి వెలుతురులో తీయండి, ట్యూబ్‌లైటు కింద తీసిన ఫోటోలు చూసి నేనేమీ తేల్చలేను. మూత్రం గుడ్డకు పసుపు మరక అంటుతోందా అన్నదీ గమనించండి.

రంగు బాగున్నా ఈ వారమే డైరెక్ట్ బిలిరుబిన్ మళ్లీ చేయించండి. లివర్, థైరాయిడ్ పరీక్షలు, మూత్రంలో క్రిములున్నాయేమో చూసే కల్చర్ పరీక్ష, పొట్ట స్కానింగ్ కూడా కావాలి. స్కానింగ్‌కు ముందు ఎంతసేపు పాలు ఆపాలో వాళ్లే చెబుతారు.

పైత్యరసం పేగుల్లోకి సరిగ్గా రాకపోతే విటమిన్ కె ఒంటికి పట్టదు, రక్తం గడ్డకట్టదు. అది ఇస్తున్నారా అని డాక్టర్ను అడగండి. బొడ్డు నుంచి గానీ సూది గుచ్చిన చోటు నుంచి గానీ రక్తం ఆగకపోయినా, బిడ్డ మళ్లీ పాలు మానేసి మగతగా పడుకున్నా, అర్ధరాత్రైనా సరే, పిల్లల ఐసీయూ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.
– పిల్లల డాక్టర్, కర్నూలు