బత్తాయి ఆకు మీదే గుడ్డు పెట్టాలని సీతాకోకచిలుకకు ఎలా తెలుస్తుంది?

రంగు, వాసన పట్టుకొని మొక్క దగ్గరికి వచ్చి, ఆకు మీద వాలాక కాళ్లతో రుచి చూసి, తన పిల్లలు తినగల మొక్కే అని తేలాకే గుడ్డు పెడుతుంది.

ఇంత తతంగం ఎందుకంటే, అప్పుడే పుట్టిన గొంగళిపురుగుకు రెక్కలుండవు. మేత వెతుక్కుంటూ దూరం పోలేదు. పైగా మొక్కలు పురుగుల్ని తరమడానికి ఆకుల్లో చేదు, ఘాటు రసాయనాలు దాచుకుంటాయి. ఒక్కో జాతి పురుగు వాటిలో కొన్నింటిని తట్టుకోవడం నేర్చింది. తమాషా ఏమిటంటే, మిగతా పురుగుల్ని తరిమే ఆ ఘాటే దీనికి ఆనవాలు.

నల్లగొండ బత్తాయి తోటల్లో నలుపు మీద లేత పసుపు మచ్చలున్న నిమ్మ సీతాకోకచిలుకను గమనించండి. లేత చిగురు మీద వాలి ముందుకాళ్లతో టకటకా తడుతుంది. రుచి తెలిసే సన్నటి నూగు ఆ కాళ్ల కొసల్లోనే ఉంటుంది. నిమ్మజాతి రుచి తగిలితే ఒక గుడ్డు పెడుతుంది, లేదంటే ఎగిరిపోతుంది. పక్క చేనులో పత్తి ఎంత పచ్చగా ఉన్నా దానికి పనికిరాదు. పెరట్లో కరివేపాకును మాత్రం వదలదు, అదీ నిమ్మ కుటుంబమే. అన్ని పురుగులకూ ఇంత పట్టింపు లేదు లెండి. శనగపచ్చ పురుగు తల్లి, అంటే దాని రెక్కల పురుగు, కంది, పత్తి, టమాట అన్నింటి మీదా గుడ్లు పెడుతుంది.

తల్లి తనకు నచ్చిన ఆకును కొరికి చూసి ఎంచుకుంటుందని చాలామంది అనుకుంటారు. సీతాకోకచిలుకకు కొరికే నోరే లేదు, ఉన్నది తేనె పీల్చే గొట్టం. అది బంతిపూల మీద వాలేది తన ఆకలి కోసం, గుడ్ల కోసం కాదు.