సబ్జా నీళ్లతో పోయే మంట కాదు

బాబుకు ఐదో నెల. మీ వారితో కలిసిన మర్నాడల్లా మూత్రంలో మంట. అత్తగారు వేడి చేసిందని సబ్జా నీళ్లిస్తున్నారు. మీ వారు మెడికల్ షాపు నుంచి మూడుసార్లు యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చారు. ‘వేడి తగ్గడానికి ఏం తినాలి?’ అని మీరు ఉత్తరంలో అడిగారు.

ఏం తిన్నా తగ్గదు, అది వేడైతే కదా! సబ్జా నీళ్లు మానక్కర్లేదు, ఎటూ నీళ్లే.

ఉత్తరం చివర్లో ‘కలిశాకే వస్తోందని ఆయనకు చెప్పలేదు, దూరం పెడుతున్నాననుకుంటారని భయం’ అని రాశారు. నాకు పట్టింపు ఆ ఒక్క మాట మీదే. మూడుసార్లు మాత్రలకు పరుగెత్తిన మనిషికి మంటెందుకో తెలియకపోతే ఎలా? పళ్లబిగువున ఓర్చుకుంటుంటే ఒళ్లు బిగుసుకుంటుంది, నొప్పి రెట్టింపవుతుంది. ‘ఈ రోజు వద్దు’ అనడం భార్యగా లోపం కాదమ్మా.

పాలిచ్చే రోజుల్లో ఈస్ట్రోజన్ హార్మోన్ తగ్గి యోని పొడిబారుతుంది. ఆ రాపిడికి, ముఖ్యంగా కాన్పు కుట్లు పడ్డ చోట, చర్మం గీసుకుపోతుంది. మూత్రం తగలగానే చురుక్కుమంటుంది. దీనికి యాంటీబయాటిక్ పనిచెయ్యదు. నీటి ఆధారిత లూబ్రికెంట్ జెల్ వాడండి. కండోమ్ వాడితే కొబ్బరినూనె జోలికి పోవద్దు, రబ్బరు చిరుగుతుంది.

అలాకాక మాటిమాటికీ వెళ్లాలనిపించి నాలుగు చుక్కలే వస్తుంటే, పొత్తికడుపు లాగుతుంటే ఇన్‌ఫెక్షన్ అనుకోవాలి. ఆడవాళ్ల మూత్రనాళం నాలుగు సెంటీమీటర్లే, మలద్వారం దగ్గరి ఈ.కోలై బ్యాక్టీరియా కలయికలో సులువుగా పైకి పాకుతుంది. కలిశాక కాసేపట్లోనే మూత్రానికి వెళ్లండి. ముందు నుంచి వెనక్కి మామూలు నీళ్లతో కడుక్కోండి. సబ్బు, డెట్టాల్ లోపలికి పోనివ్వద్దు.

ఈసారి మాత్ర వేసుకోకముందే యూరిన్ కల్చర్, అంటే మూత్రంలో క్రిముల పరీక్ష చేయించండి. మొదటి ధార వదిలేసి, మధ్యలోది ల్యాబ్‌వాళ్లిచ్చిన డబ్బాలో పట్టాలి. రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. ఆ క్రిమి ఏ మందుకు లొంగుతుందో అందులో ఉంటుంది. మంట తగ్గిందని కోర్సు మధ్యలో ఆపకండి, పాలిస్తున్నారని డాక్టరుకు ముందే చెప్పండి.

చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులుంటే కిడ్నీ దాకా పాకిందేమో, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. కలిసినప్పుడల్లా రక్తం కనిపించినా, దుర్వాసనతో తెల్లబట్ట అయినా, లోతుగా పోటు వచ్చినా గైనకాలజిస్టు లోపల పరీక్ష చేసి చూడాల్సిందే, ఫోన్లో అడిగితే తేలదు. మీకిది మూడోసారి కాబట్టి మంట తగ్గినా వెళ్లండి. మీ వారిని కూడా తీసుకెళ్లండి, బాబును ఆయన ఎత్తుకుంటారు. ఇంట్లో నోరు పెగలని మాట డాక్టరు గదిలో ఆయన ముందే చెప్పొచ్చు.