మధ్యాన్నం తూగుకి ఎనర్జీ డ్రింక్ వద్దప్పా

తమ్ముడూ, కర్నూల్లో గ్రూప్ 2 కి చదువుతూ రాత్రి 11 కి కూడా టీ తాగుతా, మధ్యాన్నం అన్నం తిన్నాక పుస్తకం ముందర తూగుతా, ఎనర్జీ డ్రింక్ పట్టాలా జ్ఞాపకశక్తి మాత్రలు మింగాలా అని అడిగినావు గదా, రెండూ వద్దు. టీలో, ఎనర్జీ డ్రింకులో ఉండే కెఫీన్ బలమేమీ ఇయ్యదప్పా, మెదడులో నిద్ర తెప్పించే అడినోసిన్‌ని అడ్డుకుంటుంది అంతే, ఒంట్లో అది సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది, అంటే నువ్వు 11 కి తాగింది తెల్లారి 4 కి కూడా సగం లోపలే ఉంటుంది, నిద్ర పట్టినా గాఢంగా పట్టదు, మల్ల మధ్యాన్నం తూగక ఏం చేస్తావు. సాయంత్రం 4 లోపల ఆఖరి టీ ముగించు.

ఎనర్జీ డ్రింక్ చిన్న డబ్బాలో దాదాపు ఒక కాఫీకి సరిపోయే కెఫీనే, మిగతాది ఎక్కువగా చక్కెర నీళ్లే, దానికి డబ్బులు దండగ. మెస్సులో తెల్లన్నం తగ్గించి పప్పు, గుడ్డు, చెనిక్కాయలు పెంచు (సంగటి మంచిదే గానీ ముద్ద మీద ముద్ద లాగిస్తే దానికీ కునుకే).

తిన్న వెంటనే టీ అసలొద్దు, ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టనీదు. మాంసం ముట్టవంటున్నావు కాబట్టి హిమోగ్లోబిన్, బి12 పరీక్ష చేయించుకో, తక్కువుంటే డాక్టర్ చెప్పిన మాత్రలే వాడు. టీ మాత్రం ఒక్కసారిగా మానద్దు, తలనొప్పి పట్టుకుంటుంది, ముందు ఆ రాత్రి కప్పు ఎత్తేయ్.