థర్మల్ కెమెరాతో పాత తైలవర్ణ చిత్రం అడుగు గీతలు కనబడతాయా?

మీ ఇంట్లో ముత్తాతగారి కాలంనాటి తైలవర్ణ చిత్రం ఒకటి ఉందని, రంగుల కింద చిత్రకారుడు మొదట గీసుకున్న గీతలను థర్మల్ కెమెరాతో చూడవచ్చా అని అడిగారు. చూడలేరు. చిత్రాల పరిరక్షణ ప్రయోగశాలలో ఫొటోలు తీసే నాకు ఇది తరచుగా ఎదురయ్యే ప్రశ్నే. థర్మల్ కెమెరా సుమారు 8 నుంచి 14 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొడవున్న తరంగాలను, అంటే వస్తువు నుంచి వెలువడే వేడిని పట్టుకుంటుంది. కాబట్టి అది పైపొర ఉష్ణోగ్రతను మాత్రమే చూపుతుంది. మనకు కావలసింది కంటికి కనబడే ఎరుపుకు ఆనుకుని ఉండే పరారుణ కాంతి, సుమారు 0.8 నుంచి 2 మైక్రాన్ల లోపుది. అది పలుచని రంగు పొరను దాటి, కింది తెల్లని ప్రైమర్ పూతను తాకి తిరిగి వస్తుంది. దారిలో బొగ్గు గీతో దీపపు మసి గీతో అడ్డుపడితే అక్కడే ఇంకిపోతుంది గనుక ఆ చోటు నల్లగా పడుతుంది. 1960ల చివర వాన్ ఆస్పెరెన్ డి బూర్ అనే డచ్ భౌతికశాస్త్రవేత్త ఈ పద్ధతికి ఒక రూపం తెచ్చారు.

అయితే పరికరం సరైనదే అయినా ఏమీ కనబడకపోవచ్చు, అంతమాత్రాన గీతలు లేవని తేల్చకూడదు. ఎర్ర సుద్దతో గీసినా, ఇనుము కలిసిన పాతకాలపు సిరాతో గీసినా పరారుణంలో ఆ గీత మాయమవుతుంది. ముదురు రంగు పూతపై తెల్ల సుద్దతో గీసినదీ అంతే. పై రంగు కూడా ముఖ్యమే: సీసపు తెలుపు, ఇంగిలీకం (ఎర్ర రంగు) కలిసిన ముఖం కింద గీతలు స్పష్టంగా వస్తాయి, అజురైట్ నీలం పూసిన చోట సాధారణ కెమెరాకు గోడ కట్టినట్టే ఉంటుంది.

లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న యాన్ వాన్ ఐక్ వేసిన 'ఆర్నోల్ఫిని' జంట చిత్రం (1434) దీనికి మంచి ఉదాహరణ. అందులో పురుషుడు పైకెత్తిన చేతిని, పాదాలను చిత్రకారుడు మార్చినట్టు పరారుణ చిత్రాల్లో తెలిసింది. ముందున్న కుక్కకు మాత్రం అడుగు గీతలే కనబడలేదు. అదే చిత్రంలో మిగతా చోట్ల గీతలు అంత బాగా కనబడుతున్నాయి గనుకనే, కుక్కను నేరుగా రంగుతో వేశారన్న వాదనకు బలం వచ్చింది. పోల్చడానికి అలాంటి ఆధారం లేని చిత్రంలో నేనైతే అంత ధైర్యంగా చెప్పను.

ఇక మీరు చేయగలిగినది. సెన్సర్ ముందుండే పరారుణ నిరోధక ఫిల్టరును తీయించిన పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా, దృశ్యకాంతిని ఆపే 850 నానోమీటర్ల (0.85 మైక్రాన్ల) ఫిల్టరు ఉంటే చాలు. అలాంటి కెమెరాలోని సిలికాన్ సెన్సర్ 1 మైక్రాన్ దాటాక దాదాపు చేతులెత్తేస్తుంది. మ్యూజియంలు వాడే ఇండియం గాలియం ఆర్సెనైడ్ కెమెరాలు 1.7 మైక్రాన్ల వరకు వెళ్తాయి, కానీ వాటి ధర మన ఊహకు అందదు. ఇళ్లలోని ఎల్‌ఈడీ బల్బుల్లో పరారుణం దాదాపు ఉండదు కాబట్టి హాలోజన్ దీపాలు కావాలి. వాటిని ఇరువైపులా దూరంగా పెట్టి, ఫొటో తీసే కాసేపే వెలిగించండి, ఎందుకంటే వేడికి పాత వార్నిష్ మెత్తబడుతుంది. ఫోకస్ మామూలు కాంతిలో కుదిర్చితే పరారుణంలో తప్పిపోతుంది, తెరపై చూస్తూ మళ్లీ సరిచేయాలి. రంగు పెచ్చులుగా లేస్తూ ఉంటే మాత్రం ఫ్రేములోంచి చిత్రాన్ని మీరే తీయవద్దు.

గీత దొరికితే దాన్ని పెద్దదిగా చేసి దాని చివర చూడండి. నేను చూసిన ఒక వ్యక్తిచిత్రంలో చూపుడువేలి పక్కన రంగులో లేని మరో వేలి గీత బయటపడింది. అది కాన్వాసు నేత ఎత్తుగా ఉన్న పోగులపై మాత్రమే అంటుకుని మధ్యమధ్య తెగిపోయి ఉండటంతో, పొడి బొగ్గుతో గీసినదని అర్థమైంది. కుంచెతో గీసినదైతే సన్నగా మొదలై, చివర చిన్న చుక్కలా నల్లగా ముగుస్తుంది. వేలు ఎందుకు జరిపారన్నది గీత చెప్పదు. కెమెరా కదలకుండా అదే చోటి నుంచి మామూలు ఫొటో కూడా తీసుకోండి. రెంటినీ ఒకదానిపై ఒకటి పెట్టి చూస్తే గాని ఏ గీత రంగుతో కలుస్తుందో, ఏది తప్పుకుందో తేలదు.