సీలింగ్ మీద బిళ్లల లెక్క తప్పనీయకు

ఒరేయ్ అల్లుడూ,

బెంజ్ సర్కిల్ దగ్గర ఆ పాత బిల్డింగ్ మెయింటెనెన్స్ నీ చేతికొచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది, సంతోషం. లిఫ్టులూ జనరేటరూ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. కానీ పాత స్మోక్ డిటెక్టర్ల లెక్క మాత్రం నీకెవరూ అప్పజెప్పి ఉండరు, అందుకే రాస్తున్నా.

వాటిల్లో రెండు రకాలు. లైటుతో పనిచేసేవాటితో గొడవే లేదు. అయనైజేషన్ రకం లోపల మాత్రం అమెరీషియం-241 అనే రేడియేషన్ వచ్చే లోహం రేకు చిన్న ముక్క ఉంటది, అది గాల్లో సన్నగా కరెంటు పారేలా చేస్తది, పొగొస్తే ఆ కరెంటు తగ్గి అలారం మోగుద్ది. సీలింగుకున్నంతసేపు భయం లేదురా, దాన్నుంచొచ్చే ఆల్ఫా కిరణాలు కాయితం కూడా దాటవు. విప్పి గోకినా, కాల్చినా, ఆ దుమ్ము లోపలికి పీల్చినా అప్పుడు ప్రమాదం. దాని రేడియేషన్ సగం అవడానికే 432 ఏళ్లు పడుద్ది, అంటే గోల్కొండ నవాబులప్పుడు కొండపల్లి కోటలో తగిలించుంటే ఇప్పటికి సగమయ్యేది!

ముందు నిచ్చెనేసుకుని ఒక్కోటీ బేస్ నుంచి తిప్పి తీసి వెనక లేబుల్ చూడు, రేడియేషన్ ఉందని చెప్పే మూడు రెక్కల గుర్తూ, అదెంతుందో చెప్పే మైక్రోక్యూరీ అంకే ఉంటే రిజిస్టర్‌లో ఎక్కించు. ఎన్నున్నాయని రాస్తే చాలదు, సీరియల్ నంబర్, ఏ అంతస్తు, ఏ గది, ఎప్పుడు చూశావ్, అన్నీ రాయి. ఫైర్ అలారం ప్యానెల్ చూపించే నంబర్ని నమ్ముకోకు, అది వైరు తగిలి ఉన్నవాటినే చెప్తది, విప్పి అలమారాలో పడేసినవి దానికేం తెలుసు.

గుంటూరులో నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఫాల్స్ సీలింగ్ మారుస్తుంటే నేను రెండ్రోజులు ఊళ్లో లేను. వచ్చి చూస్తే 46 ఉండాల్సినవి 43. ఒకటి ఎలక్ట్రీషియన్ సంచిలో దొరికింది, మిగతా రెండూ టెర్రస్ మీద గోనెసంచిలో, అల్యూమినియం ముక్కలతో కలిసి, తెల్లారితే పాత ఇనుము కొట్టుకి పోయేవే. తప్పు నాదే, సీలింగ్ వాళ్లకి ముందే చెప్పలేదు. అందుకే రిపేర్లు మొదలెట్టే ముందే నువ్వే దగ్గరుండి దింపించు.

2010లో ఢిల్లీ మాయాపురిలో యూనివర్సిటీ పాత గామా యంత్రాన్ని తుక్కుకింద అమ్మేశారు, అందులో గట్టి రేడియేషన్ చిమ్మే కోబాల్ట్-60 ఉంది, ఒకాయన చనిపోయాడు. మనవాటికి అంత శక్తి లేదులే, కానీ అక్కడా జరిగింది ఇదే, లోపలేముందో ఎవరికీ గుర్తులేదు.

దింపినవాటిని ఒక డబ్బాలో పెట్టి తాళమెయ్యి. సెల్లార్‌లో మాత్రం వద్దు, 2024లో బుడమేరు వచ్చినప్పుడు సింగ్‌నగర్ ఎలా మునిగిందో చూశావుగా. ఆటోనగర్ తుక్కు బేరానికి అస్సలు ఇవ్వకు, అమ్మిన కంపెనీకే వెనక్కి పంపి రసీదు ఆ సీరియల్ నంబర్ పక్కనే అంటించు. ఒక్కటి కనపడకపోయినా దాచొద్దు, పై వాళ్లకీ, ముంబైలో ఏఈఆర్‌బీకీ, అంటే అణుశక్తి నియంత్రణ బోర్డుకీ, వెంటనే రాయించు. మాట పడతావేమో, పడు.

ఆదివారం గుంటూరొస్తే నా పాత రిజిస్టర్ ఇస్తా, గళ్లు ఎలా గీశానో చూసుకో. ఇంకా సగం పుస్తకం ఖాళీగానే ఉంది, అందులోనే రాసుకున్నా పర్లేదు.

మీ మావయ్య