తెలిసినవాళ్ల పేరుతో వైరస్ మెయిల్ ఎలా వస్తుంది?

అటాచ్‌మెంట్ తెరవగానే కంప్యూటర్‌లో చేరి, అక్కడ దొరికిన మెయిల్ అడ్రస్‌లకు తన నకళ్లను తానే పంపుకునే ప్రోగ్రామ్ వల్ల. దాన్నే మెయిల్ వార్మ్ అంటారు. మనిషి పంపక్కర్లేదు, ఒక్క క్లిక్ చాలు.

బరంపురంలో శుభలేఖలు వేసే డీటీపీ షాపునే తీసుకోండి. తెలుగు, ఒడియా మేటర్ రోజూ మెయిల్‌లోనే వస్తుంది. ‘శుభలేఖ’ అన్న ఫైల్‌ను ఎవరు అనుమానిస్తారు? డబుల్ క్లిక్ చేస్తే, పర్లాకిమిడి నుంచి ఇచ్ఛాపురం దాకా ఉన్న కస్టమర్లందరికీ షాపు పేరుతోనే అదే మెయిల్ వెళ్లిపోతుంది.

2000 మే నెలలో వచ్చిన ‘ఐ లవ్ యూ’ వార్మ్ చేసింది ఇదే. ఫైల్ పేరు చివర ‘.టీఎక్స్‌టీ.వీబీఎస్’ అని ఉండేది. ‘.టీఎక్స్‌టీ’ టెక్స్ట్ ఫైల్‌కు గుర్తు, ‘.వీబీఎస్’ ప్రోగ్రామ్‌కు గుర్తు. విండోస్ మామూలుగా ఆఖరి ముక్కను దాచేస్తుంది కాబట్టి చూసేవాళ్లకు అది ఉత్త టెక్స్ట్ ఫైలే. తెరిస్తే అవుట్‌లుక్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లోని అడ్రస్ బుక్ మొత్తానికీ వెళ్లేది. పైగా ఫొటో ఫైళ్లను చెరిపి వాటి చోట తన కోడ్ రాసేది. ఆ ఫొటోలు పోయినట్టే.

‘మనవాళ్లే పంపారు కదా, ఫర్వాలేదు’ అనుకోవడమే చాలామంది చేసే పొరపాటు. అలాగని వాళ్లతో గొడవకు దిగడమూ అన్యాయమే. 2004 నాటి ‘మైడూమ్’ అనే వార్మ్ పంపినవారి అడ్రస్‌ను కూడా దొంగగా పెట్టేది. మెయిల్‌లో పేరున్న మనిషి కంప్యూటర్‌లో అసలు వార్మే ఉండకపోవచ్చు.